అరుగు మీద న్యాయస్థానము

గత నెలలో ఒకనాటి సాయంకాలము కరెంటు పోయి వీధిలోని మగ్గములన్నియు ఒక్కసారిగా నిలిచిపోయినవి. మన అత్తిమంజేరిపేటలో మనిషి మాట మనిషికి వినబడేది అట్టి వేళలందే గదా! ప్రక్కింటి అమ్మాయి కాగితముల కట్టతో మా అరుగెక్కి, "తాతా, ఒక అరగంట మీరు జడ్జిగా కూర్చోవాల" అన్నది. చెన్నపట్టణములో లా చదువుచున్న పిల్ల. "మా తీర్పు మా యింట్లోనే చెల్లదమ్మా" అన్నాము గాని, కూర్చున్నాము.

లా కాలేజీలలో 'మూట్ కోర్టు' అని యొకటి గలదు. లేని వాదిని, లేని ప్రతివాదిని కల్పించి, నిజమైన చట్టములతో విద్యార్థులచేత వాదింపజేయుదురు. బార్ కౌన్సిలువారి 2008 నాటి నియమముల ప్రకారము ఈ అభ్యాసము లా చదువులో విధిగా నున్నది. కాలేజీల నడుమ పోటీలు కూడ జరుగును. ఏ పక్షము వంతు వచ్చునో తెలియదు గనుక రెండు పక్షములను చదువుకొనక తప్పదు.

ఈసారి పోటీకిచ్చిన వ్యాజ్యమిది. ఒకడు సెల్ ఫోనులోని ఆప్ ద్వారా అప్పు తీసికొన్నాడు. వాయిదా తప్పినది. కంపెనీవారు అతని ఫోనులోని పేర్లన్నిటికిని ఫోను చేసి, వీడు ఎగవేతగాడని చాటినారు. అతడు కోర్టుకెక్కినాడు.

అమ్మాయి మొదట కంపెనీ తరఫున వాదించినది. అప్పు కావలెనన్నది అతడే, 'సమ్మతము' అను చోట వ్రేలు నొక్కినదీ అతడే, బలవంతమెక్కడ అన్నది. మాకు సబబుగానే తోచినది. పిమ్మట కాగితము త్రిప్పి, "అతడు తన సంగతికి సమ్మతించినాడు సరే. ఫోనులో ఉండే మిగతావాళ్ళ నంబర్లకు సమ్మతించినదెవరు? తాతా, మీ నంబరు మీరిచ్చినారా?" అన్నది.

మేము ఉలిక్కిపడినాము. ఏలనగా, రెండేండ్ల క్రిందట అట్టి ఫోను మాకును వచ్చినది. మన వీధి నేతగాని కుమారుడొకడు ఎనిమిది వేలు తీసికొని తీర్చలేదని ఎవడో తెలియనివాడు చెప్పినాడు. మేము ఆ మాటను ఇదే అరుగు మీద నలుగురితో చెప్పినాము. నాటినుండి ఆ పిల్లవాడు ఊరు విడిచినాడు. సంక్రాంతికి కూడ రాలేదు.

వెనుకటి షావుకారు ప్రోనోటు వ్రాయించుకొనేవాడు. వాయిదా తప్పితే మన గుమ్మములో కేకలు వేసేవాడు గాని, మన వియ్యంకుని యూరికి పోయి వేసేవాడు కాడు.

అమ్మాయి చెప్పిన చట్టపు కథలో మన తెలుగువారి పాలు పెద్దదే. మన తిరుత్తణి ప్రాంతము 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రములో చేరినది. ఆ తరువాత రెండేండ్లకు, 1962 డిసెంబరులో, ఖరక్ సింగ్ కేసు తీర్పు వచ్చినది. పోలీసులు రాత్రివేళ ఒకని తలుపు తట్టి చూచుట తగదన్నారు గాని, వ్యక్తి గోప్యత రాజ్యాంగమిచ్చిన హక్కు కాదని సుప్రీంకోర్టులో ఎక్కువమంది న్యాయమూర్తులు తేల్చినారు. రాజమహేంద్రవరమున పుట్టి మద్రాసులో వకీలుగా పేరు పొందిన కోకా సుబ్బారావుగారు మాత్రము, గోప్యత లేనిదే స్వేచ్ఛ లేదని వేరుగా వ్రాసినారు. వారి మాట నెగ్గుటకు 55 ఏండ్లు పట్టినది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకముగా గోప్యత ప్రాథమిక హక్కే యన్నారు.

నడుమ 2004లో హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారుకును కెనరా బ్యాంకుకును జరిగిన వ్యాజ్యములో, మన కాగితములు బ్యాంకు చేతికి పోయినంత మాత్రాన వాటి గోప్యత పోదని సుప్రీంకోర్టు చెప్పినది. డబ్బు సంగతులలో ఇది మూలస్తంభము వంటిది.

2020 డిసెంబరులో తెలంగాణలో అప్పు ఆప్‌ల వేధింపులకు ప్రాణములు తీసికొన్నవారి కథలు బయటపడినవి. రిజర్వు బ్యాంకు సంఘమువారు వెదకగా, సుమారు 1,100 అప్పు ఆప్‌లలో 600 అక్రమమైనవని తేలినది. 2022 సెప్టెంబరు నియమములలో, అప్పిచ్చు ఆప్‌లు ఫోనులోని పేర్ల పట్టికను, పిలుపుల జాబితాను ముట్టరాదన్నారు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. తప్పు చేసినవారికి 250 కోట్లవరకు జరిమానా. అయితే ఆ సొమ్ము ప్రభుత్వ నిధికే పోవును. తలవంచుకొన్న మనిషికి మిగిలేదేమి?

"తీర్పు చెప్పండి, తాతా" అన్నది అమ్మాయి.

"అమ్మా, ఈ వ్యాజ్యములో మేము జడ్జిగా కూర్చోతగము. ఆ ఫోను చేసినవాడు వీధి చివరవరకే రాగలిగినాడు; ఇంటింటికి మోసినది మేమే" అన్నాము.

మరునాడు ఆ నేతగాని యింటికి పోయి క్షమాపణ చెప్పుకొన్నాము. ఆయన మగ్గము ఆపకుండానే విన్నాడు. చివరకు, "వాడికి మీరే ఒక మాట చెప్పండి, అన్నా" అని నంబరిచ్చినాడు. ఈసారి అడిగి తీసికొన్న నంబరది. ఫోను చేసినాము. పిల్లవాడు చాలసేపు పలుకలేదు గాని, ఫోను పెట్టివేయలేదు.

చదువరులకు మనవి. మీకును అట్టి ఫోను వచ్చునేమో. వచ్చిన, ఆ మాట మీతోనే ఆగిపోనీయుడు. బాధపడువారికి 1930 అను ప్రభుత్వ సైబరు సహాయపు నంబరు చెప్పుడు. అమ్మాయి వచ్చే వారము పోటీకి పోవుచున్నది. ఏ పక్షము వంతు వచ్చునో ఇంకను తెలియదు.