పళ్ళెంలో ఏముండాలో ఎవరు చెప్పాలి?

పంది మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి, పొగబెట్టి, పలచగా కోస్తే బేకన్. ఆ రుచిని సోయాతో తెప్పించి అమ్మటం అమెరికాలో 1960ల నుంచే ఉంది. ఇప్పుడు మన నగరాల పెద్ద దుకాణాల్లోనూ మొక్కల మాంసం పొట్లాలు కనిపిస్తున్నాయి. 2022లో మన దేశంలో వీగన్ ఆహారానికి ప్రత్యేక నిబంధనలు కూడా వచ్చాయి. జంతువుల మీద దయతోనో, ఆరోగ్యం కోసమో ఎవరైనా వాటిని ఎంచుకుంటే నాకు పేచీ లేదు. బేకన్ లాంటి నిల్వ మాంసం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2015లోనే ప్రకటించింది.

నా ప్రశ్న వేరు. పందుల్ని పెంచుకుని బతికే ఎరుకల స్త్రీలను ఊరు ఎప్పుడూ దూరంగానే ఉంచింది. అదే మాంసం వాళ్ళ కుండలో ఉడికితే నీచం, స్టార్ హోటల్ పళ్ళెంలో బేకన్ అయితే నాగరికం, ఆ రుచిని సోయాతో చేస్తే మరింత ఉన్నతం! ఈ మెట్లు ఎవరు కట్టారు?

మాంసానికి బదులు సోయా మనకు కొత్తేమీ కాదు. మనం మీల్ మేకర్ అని పిలుచుకునేది సోయా గింజల నుంచి నూనె తీశాక మిగిలిన పిండితో చేసిందే. ఎండు మీల్ మేకర్ వంద గ్రాముల్లో దాదాపు 50 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. నిల్వ ఉంటుంది, వండటం తేలిక. నేనూ వండుతాను. అయితే అది నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. పళ్ళెంలో నాలుగు ముక్కలు కనిపించినంత మాత్రాన కడుపులోకి చాలినంత బలం వెళ్ళినట్టు కాదు. గుడ్డులో, మాంసంలో ఉండే బి12 విటమిన్ సోయాలో సహజంగా ఉండదు. ఇనుము ఉన్నా, మాంసంలోని ఇనుమంత సులువుగా ఒంటబట్టదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అందరికీ వడ్డించి చివర మిగిలింది తినే మన ఇళ్ళలో మాంసం ముక్క ఆడవాళ్ళ దాకా రావటమే అరుదు. ఇలాంటి చోట "గుడ్డెందుకు, శాకాహారం చాలదా?" అన్న మాట వినగానే నాకు భయం వేస్తుంది. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టే ప్రతిపాదనను తోసిపుచ్చారు. 2021లో కర్ణాటక బడిపిల్లలకు గుడ్డు పెడితే కొందరు మఠాధిపతులు అడ్డుచెప్పారు. ఆ పళ్ళెం ముందు కూర్చున్న పిల్లల్ని, వాళ్ళ తల్లుల్ని అడిగిందెవరు?

గుడ్డు తినని పిల్లలకు బదులు పదార్థం ఇవ్వాల్సిందే. కానీ దాన్ని సాకుగా చూపి, తినే పిల్లల నోటి దగ్గర గుడ్డు లాక్కోకూడదు. మీల్ మేకర్ గుడ్డుకు తోడుగా రావాలి, గుడ్డును తప్పించటానికి కాదు.

మన కార్యకర్తలం బాలికల హాస్టళ్ళకు వెళ్ళినప్పుడు గోడ మీది మెనూ చూసి తిరిగి రాకుండా, వంటగదిలోకి వెళదాం. ఎంతమందికి ఎన్ని కిలోలు వేశారో వంట చేసే స్త్రీలనే అడుగుదాం. ఏం తినాలని ఉందో ఆడపిల్లల్ని అడుగుదాం. వాళ్ళ జవాబు మెనూలోకి వచ్చేదాకా వదలకుండా ఉందాం.