సాయంకాలం ముందు, ఉదయం తరువాత



మార్గశిరంలో మాట్లాడను పొద్దుండదని మన పెద్దలంటారు. ఈ నెలలో ఏ ఇంటికి ప్రార్థనకు వెళ్లినా ఆ మాట నిజమే అనిపిస్తుంది. చేనునుండి వచ్చి కాళ్లు కడుక్కొని కూర్చునేసరికి చీకటి పడుతుంది. గిద్దలూరు వైపు వారికి పడమట నల్లమల అడ్డు గనుక ఇంకా ముందే పొద్దు గూకుతుంది. డిసెంబరు 21 గాని, 22 గాని సంవత్సరమంతటిలో చిన్న పగలు. మన మార్కాపురంలో ఆనాటి పగలు సుమారు 11 గంటల 10 నిమిషాలు. అదే జూన్ మూడవ వారంలో 13 గంటలకు చేరుతుంది. ఆ చిన్న పగలు దాటగానే సూర్యుడు ఉత్తరానికి మళ్లుతాడు, పగలు పెరుగుతుంది.

స్త్రీల కూడికలో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక సహోదరి అడిగింది: "అయ్యగారూ, పండుగ దాటితే పొద్దు పెరుగుద్దని ప్రతి ఏడూ అంటారు. నేను గేదె దగ్గరికి పోయే టయానికి సంక్రాంతికి కూడా చీకటిగానే ఉంటది. ఏం పెరిగినట్టు?"

ఆమె భర్త, పెద్ద కొడుకు మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లడానికి మూటలు కట్టుకుంటున్నారు. ఆమె అడిగింది పొద్దు సంగతి ఒక్కటే కాదని నాకు తెలుసు. అయినా అడిగినదానికే ముందు జవాబు చెప్పాలి.

ఆమె చెప్పింది నిజమే. మన ప్రాంతంలో డిసెంబరు 21న సూర్యోదయం సుమారు 6 గంటల 36 నిమిషాలకు. ఆ తరువాత పగలు పెరుగుతున్నా, సూర్యోదయం వెనక్కు రాదు, ఇంకా ఆలస్యమవుతుంది. జనవరి మూడవ వారానికి 6 గంటల 43 నిమిషాల దాకా పోతుంది. ఆ నెలాఖరులో గాని తెల్లవారుజాము తేలికపడదు. మరి పెరిగిన పొద్దు ఎక్కడుంది? సాయంకాలంలో ఉంది. అందరికంటె త్వరగా పొద్దు గూకేది నవంబరు నాలుగవ వారంలో, సుమారు 5 గంటల 40 నిమిషాలకు. క్రిస్మస్ నాటికి అది 5 గంటల 48 నిమిషాలు అవుతుంది. జనవరి 20 నాటికి ఆరు దాటుతుంది. అంటే పగలు ఇంకా తగ్గుతూ ఉన్న రోజుల్లోనే సాయంకాలం పెరగడం మొదలైపోయింది!

దీనికి కారణం ఉంది. భూమి ఇరుసు వంగి ఉంది. పైగా సూర్యుని చుట్టూ అది తిరిగే దారి సరిగ్గా గుండ్రం కాదు. జనవరి మొదటి వారంలో భూమి సూర్యునికి మిక్కిలి దగ్గరగా వస్తుంది, అప్పుడు దాని వేగం ఎక్కువ. ఈ రెండింటివలన ఈ రోజుల్లో మిట్టమధ్యాహ్నం మన గడియారానికి రోజూ సుమారు అర నిమిషం వెనుకబడుతుంది. దానితోపాటు ఉదయమూ సాయంకాలమూ వెనక్కు జరుగుతాయి. ఉదయానికి అది నష్టం, సాయంకాలానికి లాభం.

సంక్రాంతికే కదా ఉత్తరాయణం అని కొందరు అడుగుతారు. పంచాంగం ప్రకారం అది జనవరి 14 గాని, 15 గాని. ఆకాశంలో మలుపు మూడు వారాల ముందే జరిగిపోతుంది. సుమారు 1,700 ఏండ్ల క్రితం ఈ రెండూ కలిసే ఉండేవి. భూమి ఇరుసు బొంగరంలాగా మెల్లగా ఊగుతుంది గనుక వేరుపడ్డాయి. ఇక చలి అంటారా, అది శివరాత్రి దాకా ఉంటుందని ఊరందరికీ తెలుసు. చల్లబడిన నేల మళ్లీ వేడెక్కడానికి వారాలు పడుతుంది.

సండే స్కూలు పిల్లలకు ఒక పని చెప్పండి. మందిరం ముందు నాలుగు అడుగుల కర్ర నిటారుగా పాతి, మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాలకు దాని నీడను కొలవమనండి. ఈ రోజుల్లో ఉత్తరానికి మూడుంబావు అడుగులు వస్తుంది. వారానికొకసారి కొలిచి మన ఊరి పలకమీదనే వ్రాసుకోవచ్చు. మే మొదటి వారం వచ్చేసరికి మధ్యాహ్నం నీడ కర్ర మొదట్లోనే మాయమవుతుంది. పిల్లలు మనకంటె ముందే సంగతి గ్రహిస్తారు.

ఆదికాండము మొదటి అధ్యాయంలో దినమును లెక్కించిన తీరు గమనించారా? సాయంకాలం ముందు, ఉదయం తరువాత. మనం తెల్లవారినప్పటినుండి లెక్కపెట్టుకుంటాం గనుక ముందు వచ్చినదాన్ని చూడలేకపోతాం.

మన ప్రాంత సంఘ చరిత్రలో ఇలాంటి ఒక తెల్లవారుజాము ఉంది. 1853లో అమెరికాలోని బాప్టిస్టు మిషనువారు తెలుగు మిషనును మూసివేద్దామా అని ఆలోచించారు. అన్నేళ్ల పనికి ఫలం బహు కొంచెం. 1854 జనవరి 1న తెల్లవారకముందే జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. అది సూర్యోదయం ఇంకా మూడు వారాలపాటు ఆలస్యమయ్యే కాలమే. మరుసటి సంవత్సరం ఏమీ మారలేదు, దాని తరువాత కూడా మారలేదు. క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది. గొప్ప కరువు తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నల్లమలలో పుట్టి మన కంభం, మార్కాపురం మీదుగా పోయే గుండ్లకమ్మే అది. కొండమీద ప్రార్థించిన నాటికీ దానికీ మధ్య 24 ఏండ్లు. అందుకే ఆ సహోదరికి నేను త్వరలోనే అన్నీ బాగవుతాయని చెప్పలేదు. అలా చెప్పే బోధ నాకు నచ్చదు. చీకటిగా ఉన్నది గనుక ఏమీ మళ్లలేదని మాత్రం అనుకోవద్దన్నాను.

సంక్రాంతి దాటితే మన పల్లెల్లో చాలా ఇళ్లకు ముసలివారు, బడి పిల్లలు మాత్రమే మిగులుతారు. పెద్దలారా, యౌవనస్థులారా, ఆ ఇళ్ల లెక్క ఇప్పుడే వ్రాసి పెట్టుకోండి. పెరిగిన ఆ సాయంకాలపు వెలుగులో వారానికి రెండు ఇళ్లకైనా వెళ్లండి. బియ్యం ఉన్నాయా, బీపీ మాత్రలు ఉన్నాయా అడగండి. పొద్దున్నే వెళ్లి తలుపు తట్టకండి, చూపు ఆనని ముసలమ్మలు చీకట్లో లేచి తడుముకుంటారు. వెళ్లేటప్పుడు ఫోనులో చార్జింగు ఉండేలా చూసుకోండి. కోతలకు పోయిన అమ్మతో మాట్లాడతామని పిల్లలు అడుగుతారు.