మహాసభలు సరే, మనలో శిష్యులు ఎంతమంది?

కువైట్‌లో ఉన్న మన తెలుగు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కొంచెం ఓపికగా చదవండి. పొడుగ్గానే రాస్తున్నా. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

పోయిన శుక్రవారం మా కూడికలో ఒక ప్రకటన చేశారు. ఇండియా నుంచి పెద్ద సేవకుడు వస్తున్నారు, సువార్త మహాసభలు పెడుతున్నాం, మనిషికి ఐదు దినార్లు కానుక ఇవ్వాలి అని. హాలు, సౌండు, లైవు, విమానం టికెట్లు, అన్నీ ఉంటాయి కదా. అందరం ఆమెన్ అన్నాం. నేనూ అన్నా.

తర్వాత ప్రార్థన మనవులు అడిగారు. వెనక వరసలో ఒక అక్క లేచింది. నెలకు ఒక్క శుక్రవారమే ఆమెను బయటికి పంపుతారు. లక్షన్నర వడ్డీకి తెచ్చి వీసాకి కట్టిందంట. చిన్న కుటుంబం, ఇద్దరు పిల్లలు అని చెప్పి తెచ్చారు. వచ్చి చూస్తే మూడంతస్తుల ఇల్లు, పదకొండు మంది, రాత్రి ఒంటిగంట దాకా పని. మూడు నెలల నుంచి జీతం లేదు. ఊళ్లో వడ్డీవాళ్లు ఇంటిమీదకొస్తున్నారు. ఏడుస్తా చెప్పింది.

ఆ వీసా ఆమెకు అమ్మింది ఎవరో తెలుసా? ఐదు నిమిషాల ముందు మైకు పట్టుకుని మహాసభల ప్రకటన చేసిన అన్నే. ఆమె కోసం ప్రార్థన నడిపించిందీ ఆయనే. సగం మందికి ఈ సంగతి తెలుసు. అందరం కళ్లు మూసుకున్నాం. తర్వాత బిర్యానీ తిని బస్సెక్కాం.

ఇప్పుడు అడుగుతున్నా. ఆ అక్క పనిచేసే ఇంటివాళ్లకు మనం ఏ సువార్త చెప్తాం? ముందు ఆ అక్కకే ఏం చెప్తాం?

మత్తయి 28 చివర్లో ప్రభువు ఇచ్చిన ఆజ్ఞ మనందరికీ నోటికి వచ్చు. కానీ "వెళ్లండి" దగ్గరే ఆగిపోతున్నాం. ఆయన అడిగింది శిష్యుల్ని చేయమని, తాను ఆజ్ఞాపించినవన్నీ పాటించేలా వాళ్లకు నేర్పమని. సభ పెట్టమని అక్కడ లేదు, లైవు ఎంతమంది చూశారో లెక్కపెట్టమనీ లేదు. పాటించడం నేర్పాలంటే ముందు మనం పాటించాలి కదా. లూకా 14లో తన వెనక వచ్చేవాడు గోపురం కట్టేవాడిలా ముందే ఖర్చు చూసుకోవాలన్నాడు. మనం చూసుకునే ఖర్చల్లా హాలు అద్దె, సౌండు బాడుగ.

"బ్రదర్, ఈ దేశంలో నోరు తెరవకూడదు కదా" అంటారు కొందరు. నిజమే, ఇక్కడ ముస్లింలకు మతం బోధించడం చట్టం ప్రకారం నేరం. దానికి భయపడి కొందరు ఏమీ చేయరు. ఇంకొందరు వీరత్వం చూపిస్తారు, ఇళ్లల్లో పనిచేసే ఆడపిల్లల చేతికి కరపత్రాలిచ్చి పెట్టి రమ్మంటారు. దొరికితే జైలుకు పోయేది ఆ పిల్ల. పంపినోడు మాత్రం ఇంకో సభలో సాక్ష్యం చెప్పుకుంటాడు. ఈ రెండూ తప్పే.

రెండవ రాజులు 5వ అధ్యాయం చదవండి. సిరియా దండు చెరపట్టుకుపోయిన ఒక చిన్న ఇశ్రాయేలు పిల్ల నయమాను భార్య దగ్గర పనిచేసింది. పేరు కూడా రాయలేదు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే ఖద్దామా. మన కుష్ఠు దొర షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరికి పోతే బాగుపడతాడు అని ఒక్క మాట మామాకు చెప్పింది, అంతే. ఆ ఇంట్లో ఆ పిల్ల మాటకు నమ్మకం లేకపోతే సేనాధిపతి అంత దూరం ప్రయాణం కడతాడా? మనం పనిచేసే చోట మన మాటకు అలాంటి నమ్మకం ఉందా? అబద్ధం చెప్పి సెలవు తీసుకునేవాళ్లం, పెట్రోలు బిల్లులో రెండు దినార్లు మిగుల్చుకునేవాళ్లం ఏ మొహం పెట్టుకుని చెప్తాం?

మాది ఒంగోలు వైపు. మా జేజి చిన్నప్పుడు ధాత కరువు కథ చెప్పేది. 1876-78 కరువు అది. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు తవ్వకం పని ఇచ్చాడు. జనం బాప్తిస్మం ఇవ్వమని వెంటపడినా పని, సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు, తిండి కోసం వస్తున్నారేమోనని. సాయం అయిపోయాక, ఇంక ఇచ్చేదేమీ లేదన్నాక కూడా వచ్చారు. అప్పుడు 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆ సంఖ్య మనం గొప్పగా చెప్పుకుంటాం. దాని ముందు ఆయన ఆపిన నెలల సంగతి చెప్పం. ఆయనకు ముందే ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ మనిషి, తన కాళ్ల మీద ఊరూరా తిరిగి చెప్పాడు. ఆయన దగ్గర ఏ సౌండు సిస్టం ఉంది?

"తీర్పు తీర్చకూడదు బ్రదర్" అని రాస్తారు, తెలుసు. ఎవరినీ వెళ్లగొట్టమనట్లేదు. జక్కయ్యను ప్రభువు వెళ్లగొట్టలేదు, ఇంటికే వెళ్లాడు. కానీ జక్కయ్య లేచి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. మన చట్టం ప్రకారం లైసెన్సున్న ఏజెంటే 30 వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. లైసెన్సు లేని అన్న లక్షన్నర తీసుకుంటే దాన్ని ఏమనాలి?

నా సంగతీ చెప్తా, లేకపోతే ఈ పోస్టు అబద్ధమవుద్ది. తొమ్మిదేళ్ల కింద మా ఊరి తమ్ముడికి డ్రైవరు వీసా ఇప్పించి 15 వేలు కమిషన్ తిన్నా. ఇక్కడ అందరూ చేసేదేలే అనుకున్నా. శుక్రవారం రాత్రి నిద్ర పట్టలేదు. శనివారం ఎక్స్ఛేంజికి పోయి 30 వేలు వాళ్లింటికి పంపా. ఫోన్ చేసి ఎందుకు పంపానో చెప్పా. ఆ తమ్ముడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అన్నా, వచ్చే వారం కూడిక ఎక్కడ?" అన్నాడు. వాడు ఐదేళ్లుగా చర్చికి రాలేదు. ఇంకో 30 వేలు బాకీ ఉన్నా, రెండు నెలల్లో పంపుతా.

సంఘపెద్దలకు నేను అడిగేది మూడే. వీసాల మీద డబ్బు తిన్నవాళ్లు తిరిగిచ్చేదాకా మైకు పట్టుకోకూడదు. మహాసభల డబ్బులో మొదటి భాగం ఆ అక్క అప్పుకు పోవాలి. ఒక పాట తగ్గించి, ఇక్కడి చట్టం ఆమెకు ఏమిచ్చిందో నేర్పండి. 2015 నాటి 68వ నంబరు చట్టంలో ఇంటి పనివాళ్లకు వారానికి ఒకరోజు సెలవు, రోజుకు 12 గంటలు మించని పని అని ఉంది. మన ఎంబసీలో ఆడవాళ్లకు షెల్టర్ ఉంది. ఆమెను ఒంటరిగా పంపొద్దు, ఇద్దరు అక్కలు తోడు వెళ్లండి.

ఐదు దినార్లు నేనూ ఇస్తా. ముందు ఆ అక్క కోసం ఎవరు కవరు పెడతారో చెప్పండి. వచ్చే శుక్రవారం వెనక వరసలో, ఆమె పక్కనే కూర్చుంటా.