కాపలా కాసే మైనం

పిల్లలూ! సికిందరాబాదులో రాంగోపాల్‌పేట్ అనే పేట వున్నది. సేఠ్ రాంగోపాల్ అనే పెద్ద వర్తకుడి పేరు మీద వెలసిన పేట అది. దాన్ని ఆనుకునే రాణీగంజ్ వున్నది. అక్కడ యంత్రాల అంగళ్ళు, మోటారు సామాన్ల అంగళ్ళు వరసగా కనిపిస్తాయి. ఆ అంగళ్ళలో ఒకదానికి వెళ్ళి, "థర్మోస్టాటు కావాలండీ" అని అడిగి చూడండి. అంగడివాడు వెంటనే, "ఏ బండికి? ఎన్ని డిగ్రీలది?" అంటాడు.

జ్వరం చూసే థర్మామీటరుకు డిగ్రీలుంటాయి గాని, కారు సామానుకు డిగ్రీలేమిటి?

చెబుతాను. ఇంజనులో పెట్రోలు మండుతుంది గదా. ఆ మంటలో పుట్టిన వేడిలో, ఉజ్జాయింపుగా చెప్పాలంటే, మూడో వంతు మాత్రమే చక్రాలను తిప్పే పనికి వస్తుంది. మరో మూడో వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలినది ఇంజను ఇనుములోకి ఎక్కుతుంది. దాన్ని తీసుకుపోవటానికే ఇంజను చుట్టూ నీళ్ళు తిరుగుతుంటాయి. ఆ నీళ్ళు ముందరి రేడియేటరులోకి వెళ్ళి, గాలికి చల్లబడి, మళ్ళీ ఇంజనులోకి వస్తాయి.

అయితే ఇంజను మరీ చల్లగా వున్నా పనికిరాదు. పొద్దున్నే బండి తీసినప్పుడు ఇనుము చల్లగా వుంటుంది, నూనె చిక్కగా వుంటుంది, పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అందుచేత ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటరుకు పోనివ్వకూడదు. వేడెక్కగానే పోనివ్వాలి. ఈ తలుపు తీసి, మూసే కాపలాదారే థర్మోస్టాటు. దాని మీద 82 అనో, 88 అనో అంకె వుంటుంది. ఆ డిగ్రీల దగ్గర తలుపు తెరుచుకోవటం మొదలవుతుందన్నమాట.

మరి ఆ తలుపు తీసేది ఎవరు? తీగ లేదు, కరెంటు లేదు. లోపల చిన్న ఇత్తడి గుళికలో మైనం వున్నది! మైనం కరిగితే వుబ్బుతుంది. వుబ్బి ఒక ఉక్కు పుల్లను తోస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. చల్లబడి మైనం గడ్డకడితే, స్ప్రింగు తలుపును మళ్ళీ మూసేస్తుంది. వేడి మైనమంతటికీ త్వరగా అందాలని అందులో రాగిపొడి కూడా కలుపుతారు. ఈ మైనపు పద్ధతిని 1930ల నాటికి సెర్జియస్ వెర్నే అనే ఆయన తయారు చేశాడు.

నమ్మకం లేకపోతే కొవ్వొత్తి మైనం చూడండి. అమ్మనో నాన్ననో కరిగించి చిన్న గిన్నెలో పొయ్యమనండి. పోసినప్పుడు పైభాగం సమంగా వుంటుంది. గడ్డకట్టాక చూస్తే మధ్యలో గుంట! కరిగినప్పుడు ఎక్కువ చోటు ఆక్రమించింది కనకనే గడ్డకట్టేసరికి చోటు మిగిలింది.

ఈ కాపలాదారుకు రెండు రకాల జబ్బులు వస్తాయి. ఒకటి, తలుపు మూసుకునే వుండిపోవటం. నీళ్ళు ఇంజనులోనే మరిగిపోతాయి, ముల్లు ఎర్రగీత వైపు పరుగెత్తుతుంది. అప్పుడు బండిని వెంటనే ఆపెయ్యాలి. ఇంకో మైలు పోనిద్దామంటే సిలిండరు మూత వంకరపోతుంది. దాని బాగుకయ్యే ఖర్చు ముందు థర్మోస్టాటు వెల లెక్కలోకే రాదు. రెండోది, తెరుచుకునే వుండిపోవటం. ముల్లు ఎంతసేపటికీ మధ్యకు రాదు, పెట్రోలు మాత్రం ఎక్కువ తాగుతుంది. ఇది ప్రాణం మీదికి రాదు గనక చాలామంది పట్టించుకోరు.

మేస్త్రీ మామయ్య ఎలా కనిపెడతాడో తెలుసా? చల్లని ఇంజనును నడిపించి, రేడియేటరు పైగొట్టం మీద చెయ్యి వేసి చూస్తాడు. మొదట చల్లగా వుండి, ముల్లు మధ్యకు వచ్చేవేళకు గొట్టం గబుక్కున వేడెక్కితే కాపలాదారు ఆరోగ్యంగా వున్నట్టు. ముల్లు పైకెక్కినా గొట్టం చల్లగానే వుంటే తలుపు మూసుకుపోయిందని అనుమానించాలి. పంపు పాడైనా, నీళ్ళు తగ్గినా ఇలాగే వుండవచ్చు. కాబట్టి అవీ చూడాలి. మొదటినించే గొట్టం కొద్దికొద్దిగా వెచ్చబడుతూ వస్తే తలుపు తెరిచే వున్నదన్నమాట. ఇది పెద్దల పని సుమా! ఇంజను ఆపినా ఫ్యాను తనంతట తానే తిరగవచ్చు.

కొందరు, "మనది వేడి దేశం, దీంతో పనేమిటి?" అని థర్మోస్టాటును పీకి పారేస్తారు. నాకిది బొత్తిగా నచ్చదు. కొన్ని ఇంజన్లలో ఈ తలుపు ఒక దారి తెరుస్తూనే రెండో దారి మూస్తుంది. దాన్ని తీసేస్తే కొన్ని నీళ్ళు చల్లబడకుండానే వెనక్కు తిరుగుతాయి. చలవకోసం తీసిన బండి ఎండాకాలంలో మరింత కాగుతుంది!

కొత్తది బిగించే ముందు ఇంజను పూర్తిగా చల్లారాలి. వేడి రేడియేటరు మూత అంటే ప్రెషరు కుక్కరు మూత లాంటిదే. లోపల ఒత్తిడి వుండటంవల్ల నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా వుంటాయి. మూత తిప్పగానే ఒత్తిడి పోయి, భగ్గుమని ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయి. అందుకే తొందర పనికిరాదు.

చల్లారాక, రంగునీళ్ళను పాత్రలోకి వంపాలి. ఆ నీళ్ళలో తరచుగా ఎథిలీన్ గ్లైకాల్ వుంటుంది. తియ్యగా వుంటుంది, విషం! వీధిలో వదిలితే కుక్కలూ పిల్లులూ తాగి చస్తాయి. తరవాత మూత బోల్టులు విప్పి, పాతది తీసి, మైనపు గుళిక ఇంజను వైపు వుండేలా కొత్తది కూర్చాలి. గాలి పోయే చిన్న రంధ్రం వుంటే సాధారణంగా అది పైకి రావాలి. రబ్బరు వలయం కూడా కొత్తదే వెయ్యాలి. ఆపైన నీళ్ళు నింపి, లోపలి గాలిబుడగలు పోయేదాకా ఇంజనును తిప్పాలి.

బిగించే ముందే మేస్త్రీని ఒక పరీక్ష చెయ్యమని అడగండి. పాత డబ్బాలో నీళ్ళు పోసి (వంటగిన్నె వద్దు!), పాతదాన్నీ కొత్తదాన్నీ దారాలతో వేలాడదీసి, నీళ్ళ థర్మామీటరు పెట్టి కాచాలి. సికిందరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున వున్నది కనక అక్కడ నీళ్ళు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి. 82 డిగ్రీల తలుపు తెరుచుకోవటం చూడటానికి అది చాలు. దూరంగా నిలబడి అంకెలు రాసుకోండి. ఏది ఎన్ని డిగ్రీలకు కదిలింది? మంట తీసేశాక ఏది ఎన్ని డిగ్రీలకు మూసుకున్నది? రెండు అంకెలూ ఒకటి కావు. ఎందుకో ఆలోచించి రాయండి, వచ్చే నెల చూద్దాం.