పాత టైర్ల డబ్బు ఎటు పోతున్నది?

టైరు కుళ్ళదు. పాతిపెడితే లోపల గాలీ వాయువులూ చేరి కొన్నాళ్ళకు పైకి తేలుతుంది. బయట పారేస్తే వాన నీరు నిలిచి డెంగీ దోమకు పురిటిల్లు అవుతుంది. కాలిస్తే విషపు పొగ. మూడు పనులూ మనం చేస్తూనే వున్నాం. రాస్తారోకోకి టైరే, భోగి మంటకి టైరే. పాత సామాను తగలబెట్టడం ఆచారం అంటారు. ఆ ఆచారం పుట్టిన రోజుల్లో టైరే లేదు!

అమెరికాలో అన్నీ శుభ్రంగా వుంటాయని మనవాళ్ళకు ఒక నమ్మకం. ఈ విషయంలో అది నిజం కాదు. 1983 అక్టోబరులో వర్జీనియా రాష్ట్రంలో వించెస్టర్ దగ్గర లక్షల టైర్ల కుప్పకు ఎవరో నిప్పు పెట్టారు. అది నెలల తరబడి కాలింది. కరిగిన రబ్బరు నూనెగా మారి వాగులోకి పారింది. 1985లో హూస్టన్‌లో, ఆసియా నుంచి దిగుమతైన పాత టైర్ల వెంట వచ్చిన పులి దోమ స్థిరపడిపోయినట్లు బయటపడింది. అదే ఏడాది మిన్నెసోటా టైర్ల మీద చట్టం తెచ్చింది. రాష్ట్రాల్లో అదే మొదటిది. తరువాత దాదాపు అన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. కొత్త టైరు కొన్నప్పుడో, పాతది వదిలేసినప్పుడో కొంత రుసుము తీసుకుని, దానితో కుప్పలు ఎత్తించడం, రీసైక్లింగు చేసేవారికి సాయమివ్వడం ఈ చట్టాల సారాంశం. 1990 ప్రాంతంలో ఆ దేశంలో 100 కోట్ల టైర్లు కుప్పలుగా పడివుండేవి. ఇప్పుడు వాటిలో 90 శాతానికి పైగా పోయాయి. కనుక ప్రజాధనం వృధా అని ఎవరూ అనలేరు.

అయితే డబ్బు ఇచ్చినంత మాత్రాన పని జరుగుతుందా? టెక్సాస్ కథ చూడండి. 1990ల మొదట్లో అక్కడ కొత్త టైరుకు 2 డాలర్లు వసూలు చేసి, ఆ నిధి నుంచి ముక్కలు కొట్టిన టైర్ల లెక్కన కంపెనీలకు చెల్లించారు. ముక్కలు ఎవరు కొంటారో చట్టం అడగలేదు. ఇంకేం, కంపెనీలు కొట్టిందే కొట్టాయి. టైర్ల గుట్టలు పోయి ముక్కల గుట్టలు లేచాయి. వాటికీ నిప్పు అంటుకుంటుంది! చివరకు 1997 ఆఖరుతో ఆ పథకమే ముగిసింది. చట్టం దేనికి డబ్బు ఇస్తుందో జనం అదే తయారు చేస్తారు. ఇందులో ఎవరి దుర్మార్గమూ అవసరం లేదు.

కాలిఫోర్నియా కొంత తెలివిగా నడిచింది, అదీ ఆలస్యంగా. 1989లోనే చట్టం వచ్చినా రుసుము 25 సెంట్లు. 1999 సెప్టెంబరులో వెస్ట్‌లీ దగ్గర పిడుగు పడి లక్షల టైర్లు వారాల తరబడి కాలాక, 2000లో దాన్ని డాలరు చేశారు. 2005 నుంచి 1.75 డాలర్లు. అందులో 75 సెంట్లు టైర్లకు కాదు, వాయు కాలుష్య నివారణకు పోతాయి. మంచి పనే కావచ్చు, కానీ కొనేవాడు టైరు పేర కట్టిన డబ్బు అది. మెచ్చుకోవలసింది మరొకటి వుంది. రాష్ట్ర రహదారుల తారులో రబ్బరు పొడి వాడకం ఇంత శాతం వుండాలని 2005లో చట్టం చేశారు. అంటే సరుకుకు గిరాకీ కూడా చట్టమే కల్పించింది.

మన దేశంలో దారి వేరు. 2022 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం రీసైక్లింగు భారం టైర్ల కంపెనీలదీ, దిగుమతిదారులదీ. రెండేళ్ళ క్రితం తయారైన బరువులో మొదటి ఏడాది 35 శాతం, తరువాత 70, ఆపైన 100 శాతం. కంపెనీ స్వయంగా చేయనక్కరలేదు. రిజిస్టరైన రీసైక్లరు దగ్గర సర్టిఫికెట్టు కొంటే చాలు. ఖర్చు చివరకు టైరు ధరలో కలిసి మన జేబు నుంచే పోతుంది. రసీదులో మాత్రం కనిపించదు.

సర్టిఫికెట్టు రుజువు కాదు. ప్లాస్టిక్ విషయంలో ఇదే పద్ధతి పెట్టగా 2023లో లక్షల కొద్దీ దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. బాబాల మహిమలకు రుజువు అడిగే మనం ప్రభుత్వ ముద్ర పడిన కాగితాన్ని మాత్రం కళ్ళకద్దుకోవాలా? పైగా మన దగ్గర చాలా టైర్లు పోయేది పైరాలిసిస్ బట్టీలకు. గాలి తగలకుండా వేడిచేసి నూనె తీస్తారు. రికార్డులో అదీ రీసైక్లింగే. ఆ మసిలో రోజంతా నిలబడే కూలీకి, పక్క పొలం రైతుకు ఏమవుతున్నదో సర్టిఫికెట్టులో రాయరు. బట్టీ పేలి కార్మికులు చనిపోతే లోపలి పేజీలో నాలుగు లైన్ల వార్త.

నిబంధనలు కేంద్రానివైనా బట్టీకి అనుమతి ఇచ్చేదీ, తనిఖీ చేసేదీ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. నా ఉద్దేశంలో శాసనసభ డబ్బు పెట్టవలసింది మొదట అక్కడే, ఆ తరువాత రబ్బరు పొడి కలిపిన రోడ్లకు. కొత్త ఫ్యాక్టరీలకు సబ్సిడీ ఇప్పుడే వద్దు, టెక్సాస్ ముక్కలు చాలు. ఈలోగా పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద అడగవచ్చు: మా జిల్లాలో టైర్ల బట్టీలు ఎన్ని, చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, లోపలికి వచ్చిన టైర్ల బరువెంత, బయటికి పోయిన నూనె, మసి బరువెంత, రెండు లెక్కలూ సరిపోయాయా?