కాటాకు ముద్ర ఉంది, గుర్రప్పందేనికి ఏదీ?

మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా తూచే కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. మండీ యజమాని తన కాటాకు తానే ముద్ర వేసుకుంటానంటే రైతులు ఊరుకుంటారా? గుర్రప్పందేలలో మాత్రం అదే పద్ధతి నడుస్తున్నది. పందేలు నడిపేది క్లబ్బు. కౌంటరులో కట్టిన డబ్బు మీద కమిషన్ తీసుకునేది క్లబ్బు. జాకీ కావాలని గుర్రాన్ని వెనక్కి లాగాడని గొడవ వస్తే విచారించే స్టీవార్డులూ క్లబ్బు వారే!

మన రాష్ట్రంలో రేసుకోర్సే లేదు, మనకెందుకని కొందరనవచ్చు. 2014లో మలక్‌పేట తెలంగాణకు పోయిన మాట నిజమే. కాని కుప్పం, పుంగనూరు, మదనపల్లె వారికి బెంగుళూరు ఎంత దూరం? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం పందెం అందుతుంది.

అక్కడ ప్రభుత్వానికి అధికారం లేకపోలేదు. 1952 నాటి మైసూరు రేసుకోర్సుల లైసెన్సు చట్టం ఉన్నది. 2024 జనవరిలో, లెక్కల్లో చూపకుండా పందేలు తీసుకుంటున్నారన్న ఆరోపణపై బుకీల స్టాళ్ల మీద పోలీసులు దాడి చేశారు. జూన్‌లో ప్రభుత్వం రేసులకు అనుమతి నిరాకరించగా వ్యవహారం హైకోర్టుకెక్కింది. గేటు తెరవడం, లేదా మూయడం. ఈ రెండే గాని, లోపల పందెం తీరు చూసే విడి సంస్థ లేదు. పన్ను దగ్గర మాత్రం ఏ లోటూ లేదు. 2023 అక్టోబరు నుంచి పందెం మొత్తం మీద 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జి.ఎస్.టి.!

గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో మద్రాసు రేస్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నైపుణ్యమే అయితే గుర్రానికి మందు పెట్టలేదని, జాకీ నిజంగా తోలాడని నమ్మకం ఉండాలి గదా. ఇంగ్లండులో జాకీ క్లబ్బు తరతరాలుగా చేసిన ఈ పెత్తనాన్ని వదులుకున్నది. 2007 నుంచి బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ అనే విడి సంస్థ చూస్తున్నది. అమెరికా కూడా 2020లో ఇందుకు చట్టం చేసింది.

బెంగుళూరు పోలేక ఊళ్లోనే బుకీ చేతిలో కూలి డబ్బు పెట్టేవాడి గతి మరీ అన్యాయం. రేసుకోర్సు బయట పందెం 1974 గేమింగ్ చట్టం కింద నేరం. గెలిచినా బుకీ ఎగవేస్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పందెం బాకీ కోర్టులో చెల్లదు.

క్లబ్బులతో సంబంధం లేని విచారణ సంస్థను కర్ణాటక ప్రభుత్వం ఏర్పాటు చేయాలి. పందెం కట్టినవాడికీ అక్కడ ఫిర్యాదు చేసే హక్కుండాలి. ఇక సరిహద్దుకు ఇటువైపు పోలీసులు చీటీతో దొరికిన కూలివాడిని గాక, ఆ చీటీ రాసిన బుకీని పట్టుకోవాలి.