చవక రెగ్యులేటర్‌తో ప్రాణాల బేరం

మొక్కల అక్వేరియం పెట్టేవాళ్ళు ముందు గాజు తొట్టి కొంటారు. తర్వాత ఖరీదైన లైటు, నల్లటి సాయిల్, డ్రిఫ్ట్‌వుడ్, టిష్యూ కల్చర్ మొక్కలు. ఇన్ని వేలు కళ్ళు మూసుకుని ఖర్చు పెట్టి, చివర్లో కార్బన్ డయాక్సైడ్ రెగ్యులేటర్ దగ్గర కళ్ళు తెరుస్తారు. ‘ఇంతకన్నా తక్కువలో లేదా?’ అని అడుగుతారు. దుకాణదారు కూడా అడిగిందే తడవుగా పేరూ ఊరూ లేని ఒక ఇత్తడి ముక్క తీసి చేతిలో పెడతాడు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమంటే ఇదే. దీన్ని పొదుపు అనడానికి నేను ఒప్పుకోను. ఆ మిగిలిన డబ్బుకు నోరులేని చేపలు ప్రాణాలతో వెల కడుతున్నాయి.

సిలిండర్‌లో ఏముందో ముందు తెలుసుకోండి. 25 డిగ్రీల వేడి దగ్గర అందులో పీడనం సుమారు 64 బార్, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 60 రెట్లకు పైగా. దాన్ని రెండు మూడు బార్‌లకు దించి, అక్కడి నుంచి సెకనుకు ఒకటి రెండు బుడగలకు కుదించి, నెలల తరబడి అదే లెక్కలో నిలబెట్టాలి. రెగ్యులేటర్ చేయాల్సిన పని ఇది. గాలి తగిలే నీటిలో సహజంగా కరిగి ఉండే కార్బన్ డయాక్సైడ్ ఒక పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము) కన్నా తక్కువ. పచ్చటి పచ్చిక పరిచినట్టు మొక్కలు పెరగాలంటే 30 పీపీఎం దాకా కావాలంటారు. గ్యాస్ ఇస్తే మొక్కలు అద్భుతంగా పెరుగుతాయి, అందులో నాకు వాదన లేదు. కానీ ఆ 30 దాటి 60కో 80కో పోతే ఏమవుతుంది? చేప రక్తంలో ఆమ్లత్వం పెరుగుతుంది. నీటి నిండా ఆక్సిజన్ ఉన్నా రక్తం దాన్ని మోయలేదు. చేపలన్నీ పైకి చేరి నోళ్ళు తెరుస్తాయి. మొక్కలు మాత్రం పచ్చగా మెరుస్తూనే ఉంటాయి.

ఈ ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుందో అమ్మేవాళ్ళు చెప్పరు, నేను చెబుతాను. సింగిల్ స్టేజ్ రెగ్యులేటర్‌లో పీడనం ఒకే మెట్టులో దిగుతుంది. వీటిలో చాలావాటికి లోపలి వాల్వును మూసి ఉంచడానికి సిలిండర్ పీడనం కూడా సాయపడుతుంది. సిలిండర్ పీడనం పడిపోగానే ఆ సాయం తగ్గుతుంది, వాల్వు కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది, బయటికొచ్చే పీడనం పెరుగుతుంది. సిలిండర్ ఖాళీ అవుతున్న కొద్దీ తొట్టిలోకి గ్యాస్ ఎక్కువ పోతుందన్నమాట. దానికి తోడు ఆ చవక సెట్‌లో వచ్చే, బుడగల వేగాన్ని సరిచేసే నీడిల్ వాల్వు నాసిరకమైతే బుడగలు కాస్తా ధార అవుతాయి. లైటుతో పాటే గ్యాస్ తెరిచేలా టైమర్ పెట్టి మనం ఆఫీసుకు పోతాం. సాయంత్రం వచ్చేసరికి చేపలు తేలుతుంటాయి. నీటిలో గ్యాస్ మోతాదును రంగుతో చూపే డ్రాప్ చెకర్ పసుపు రంగుకు మారి ఉంటుంది, నిజమే. కానీ అది మారడానికే గంటో రెండు గంటలో పడుతుంది. అది చావును ఆపదు, ఆలస్యంగా కబురు చెబుతుంది, అంతే.

‘సింగిల్ స్టేజ్ చాలు, గేజి ముల్లు కిందికి దిగడం మొదలవగానే సిలిండర్ మార్చేయండి’ అని చల్లటి దేశాల వాళ్ళు సలహా ఇస్తారు. మనవాళ్ళు దాన్ని వల్లెవేస్తారు. చల్లటి గదిలో ఆ సలహాకు అర్థం ఉంది. సిలిండర్‌లో ద్రవం మిగిలి ఉన్నంతకాలం పీడనం మారదు. ద్రవం అయిపోయాకే ముల్లు దిగుతుంది. కానీ కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటితే ఎంత పీడనంలోనైనా ద్రవంగా ఉండదు. రెంటచింతలలో, రామగుండంలో, విజయవాడలో వేసవి గది ఎంత వేడెక్కుతుందో మనకు ఒకరు చెప్పాలా? అక్కడ ముల్లు నిలకడగా నిలబడే ప్రసక్తే లేదు. మధ్యాహ్నం ఎక్కుతుంది, ఏసీ వేస్తే దిగుతుంది, గ్యాస్ వాడుతున్న కొద్దీ జారుతూనే ఉంటుంది. నిండు సిలిండర్ 40 డిగ్రీల గదిలో 100 బార్ దాటగలదు. ఇంత ఊగిసలాటను ఒక్క మెట్టు మీద మోపి, అవతల చేపలను పెట్టడం ఏం న్యాయం? రెండు స్టేజీల రెగ్యులేటర్‌లో మొదటి మెట్టు ఈ ఊపును చాలామటుకు మింగేస్తుంది, రెండో మెట్టుకు దాదాపు స్థిరమైన పీడనం అందుతుంది. చల్లటి దేశాల్లో అది సౌకర్యమైతే కావచ్చు. మన ఎండల్లో అది కనీస అవసరం.

‘వెల్డింగ్ షాపులో దొరికేది చాలు’ అనే వీరులు కొందరు. వెల్డింగ్‌కు నిమిషానికి పది, పదిహేను లీటర్ల గ్యాస్ కావాలి. తొట్టికి కావలసింది నిమిషానికి కొన్ని మిల్లీలీటర్లు. వేల రెట్లు ఎక్కువ ప్రవాహం కోసం చేసిన పరికరంతో బుడగలు లెక్కపెట్టాలనుకోవడం మూర్ఖత్వం. ‘నాకు ఇన్నేళ్ళుగా ఏమీ కాలేదు’ అనేవాళ్ళు ఇంకొందరు. ఏమీ కాకపోవడం వాళ్ళ అదృష్టం. అదృష్టాన్ని అనుభవంగా చూపించి కొత్తవాళ్ళకు సలహాలివ్వడం నేరం.

చేపల సంగతి పక్కన పెట్టి మన సంగతి చూద్దాం. 5 కిలోల సిలిండర్‌లోని గ్యాస్ మొత్తం బయటికొస్తే దాదాపు 2.7 ఘనపు మీటర్లు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తున్న పడకగదిలో తలుపులు మూసి ఉండగా అదంతా ఒక్కసారి లీకయితే గదిలో గాలిలో 9 శాతం దాకా కార్బన్ డయాక్సైడే. 4 శాతమే ప్రాణాపాయమని పారిశ్రామిక భద్రతా నిపుణులు లెక్కగట్టారు. పైగా ఆ గ్యాస్ గాలి కన్నా బరువు, నేలబారున పేరుకుంటుంది. చాప మీద పడుకున్న పిల్లల ఎత్తులో. ఇంత తెలిసీ పాత అగ్నిమాపక సిలిండర్‌ను తెచ్చి మంచం పక్కన పెట్టేవాళ్ళున్నారు. వాటి లోపల అడుగుదాకా ఒక గొట్టం ఉంటుంది, అది ద్రవాన్ని పైకి లాగుతుంది. ఆ గొట్టం తీయించకుండా రెగ్యులేటర్ బిగిస్తే ద్రవం నేరుగా రెగ్యులేటర్‌లోకి ఎక్కుతుంది. సిలిండర్‌ను పడుకోబెట్టినా అదే జరుగుతుంది.

కాబట్టి అమ్మేవాళ్ళను నిలదీయండి. ఇది రెండు స్టేజీలదా, లేక రెండు గేజీలున్నంత మాత్రాన ఆ పేరు పెట్టారా? రెండు గేజీలు వేరు, రెండు స్టేజీలు వేరు. ఈ రెండింటినీ కలిపి చెప్పి అమ్మేవాడు తెలియక చెబుతున్నా, తెలిసి చెబుతున్నా వాడి దగ్గర కొనకండి. నీడిల్ వాల్వు విడిగా మార్చుకోవచ్చా? గ్యాస్‌ను కరెంటుతో తెరిచి మూసే సొలెనాయిడ్ వాల్వు కరెంటు పోగానే మూసుకునే రకమేనా? దాన్ని ఇన్వర్టర్‌కు కలిపి ఫిల్టర్‌ను మామూలు లైనుకు వదిలేయకండి. కరెంటు పోతే కదలని నీటిలోకి గ్యాస్ మాత్రం పోతూనే ఉంటుంది. నీళ్ళు వెనక్కి రాకుండా చెక్ వాల్వు ఉందా? సిలిండర్ మరలు, రెగ్యులేటర్ మరలు ఒకే కొలతా? సిలిండర్ మెడ మీద హైడ్రో టెస్ట్ (నీటి పీడనంతో చేసే పరీక్ష) తేదీ చెక్కి ఉందా? మన దేశంలో గ్యాస్ సిలిండర్లకు 2016 నాటి నిబంధనలున్నాయి, వాటి అమలు చూడటానికి నాగపూర్ కేంద్రంగా పెసో అనే సంస్థ ఉంది. పరీక్ష తేదీ, ఆమోద గుర్తులు లేని సిలిండర్ ఎంత చవకగా వచ్చినా ఇంటి గడప దాటనివ్వకండి.

డబ్బు సరిపోదంటారా? సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. గ్యాస్ లేకుండానే పెరిగే మొక్కలు బోలెడున్నాయి. అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ నెమ్మదిగా పెరుగుతాయి, కానీ అందంగా పెరుగుతాయి. మన చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా, వాలిస్నేరియా నీటిలోని బైకార్బొనేట్ నుంచే కార్బన్ తీసుకోగలవు. అందరూ తిట్టిపోసే గట్టి బోరు నీళ్ళలో ఆ బైకార్బొనేట్ దండిగా ఉంటుంది. ఆ తొట్టిలో అందానికి లోటుండదు, చేపకు భయముండదు.

గ్యాసే కావాలంటారా, అయితే కొనుగోళ్ళ చిట్టాలో రెగ్యులేటర్ మొదటి వరుసలో ఉండాలి. లైటు తర్వాత కొనుక్కోవచ్చు, అరుదైన మొక్కలు వచ్చే ఏడాది తెచ్చుకోవచ్చు. మంచి రెగ్యులేటర్ కొనే స్తోమత వచ్చేదాకా సిలిండర్ కొనకండి. దుకాణదారులారా, మీరు కూడా అంతదాకా అమ్మకండి. చేపను తొట్టిలో పెట్టిన రోజే దాని ఊపిరికి మనం పూచీపడ్డాం. ఆ పూచీని చవక ధరకు అమ్ముకునే హక్కు కొనేవాడికీ లేదు, అమ్మేవాడికీ లేదు.